నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టు

పోయిన నెలలో బాన్సువాడలో కొత్తగా చేరిన అంగన్‌వాడీ సూపర్‌వైజర్లకు శిక్షణ పెట్టారు. రిటైరైన సూపర్‌వైజర్లలో ఇంకా నిలబడి మాట్లాడగలిగేవాళ్లు ఎవరున్నారా అని వెతికి నన్ను పిలిచారు. శాలువా కప్పారు. ఒక ప్లాస్టిక్ పూలగుత్తి చేతిలో పెట్టి, ఫొటో తీసి, మళ్లీ తీసేసుకున్నారు. తర్వాతి అతిథికి కావాలి కదా. అప్పుడు ఆ కొత్తవాళ్లలో, అంటే మీలోనే, ఒక అమ్మాయి లేచి, మీ సర్వీసులో మరిచిపోలేని మంచి అనుభవం ఒకటి చెప్పండి మేడం అని అడిగింది. బక్కచిక్కిన పిల్ల బరువు పెరిగిన కథ ఒకటి ఇలాంటి సభల కోసమే నా దగ్గర ఉంది. అది చెప్పి దిగిపోయాను. చప్పట్లు బాగానే పడ్డాయి.

ఇంటికొచ్చాక నా మీద నాకే చిరాకేసింది. మరిచిపోలేనిది అడిగారు, అదే రాస్తున్నాను. మంచిది మాత్రం కాదు. మనుషుల పేర్లు రాయను, ఊరి పేరూ రాయను. నస్రుల్లాబాద్ వైపు వరి పొలాల మధ్య ఉన్న ఊరు అనుకోండి, చాలు. పేరు రాస్తే ఇలాంటివి ఆ ఒక్క ఊళ్లోనే జరుగుతాయని మిగతా ఊళ్లన్నీ సంబరపడతాయి.

ఆ ఊళ్లో ఇద్దరు అన్నదమ్ములు. తమ్ముడు వరికోత మిషన్ నడుపుతాడు. కోతలు ఎక్కడ మొదలైతే అక్కడికి, మహారాష్ట్ర దాకా, నెలల తరబడి తిరుగుతూ ఉంటాడు. అతని భార్య కామెర్లతో పోయింది. నాలుగేళ్ల ఆడపిల్లనూ, ఇంకా మాటలు సరిగా రాని మగపిల్లవాణ్నీ అన్నావదినల దగ్గర వదిలి అతను మళ్లీ మిషన్ ఎక్కాడు. ఆ ఇంట్లో పిల్లల నాయనమ్మ కూడా ఉంది. పెద్దనాయన ఉన్నాడు, పెద్దమ్మ ఉంది, నాయనమ్మ ఉంది, ఇంకేం కావాలి అన్నారు ఊరివాళ్లు.

ఆ పెద్దనాయనను గురించి చెప్పాలి. సొంత పొలం ఉంది, ఊళ్లో మాట ఉంది. తాగడు. ఈ తాగకపోవడం అన్నది మన దగ్గర ఎంత పెద్ద సర్టిఫికెట్టో ఉద్యోగంలో ఉంటే మీకే తెలుస్తుంది. తాగనివాడు ఇంట్లో ఏం చేసినా అది క్రమశిక్షణ కిందే జమ. శనివారం భజనలో తాళాలు ఆయన చేతిలోనే ఉండేవి. ఆలుమగల తగాదాలకు, పొలం గెట్ల తగాదాలకు ఊళ్లో పెద్దమనుషులు కూర్చుంటే అందులో ఆయనకూ ఒక కుర్చీ. అలాంటి మనిషి ఇంట్లోకి తొంగి చూడటం మర్యాద కాదని ఇరుగుపొరుగు అనుకున్నారు. మనకు మర్యాద చాలా ఎక్కువ. పిల్ల ప్రాణం కంటే కాస్త ఎక్కువ.

పాప పక్క తడిపేది. తల్లి పోయిన పిల్ల, తండ్రి కనపడని పిల్ల, తడపక ఏం చేస్తుంది? ఆయన దానికి మందు భయం అని తేల్చాడు. పిల్లలకు భయం ఉండాలె అనే మాట మీరు ఏ ఊరికి వెళ్లినా వింటారు. కన్నతల్లులే బిడ్డను అంగన్‌వాడీ కేంద్రానికి తీసుకొచ్చి, టీచరమ్మా జర భయం జెప్పు అని అప్పగించి వెళ్తారు. పాఠం చెప్పినట్టు భయం కూడా చెప్తారు మన దగ్గర. ఆ పాపకు పెద్దనాయనా పెద్దమ్మా వంతులు వేసుకుని చెప్పారు.

ఆ కేంద్రంలో టీచర్ మంచిది. పిల్లలంటే ప్రాణం పెట్టేది, పాటలు చక్కగా నేర్పేది. ఆమె చేసిన పొరపాటు కూడా ఆ మంచితనంతోనే చేసింది. కేంద్రంలో పిల్లలకు ఉడికించిన గుడ్డు ఇస్తాం. పాప సగం తిని, మిగతా సగం గుప్పిట్లో మూసుకుని ఇంటికి పట్టుకుపోయేది, తమ్ముడికి. టీచర్‌కు అది ముద్దొచ్చింది. దారిలో పెద్దమ్మ ఎదురైతే, మీ పాప మనసు ఎంత మంచిదక్కా, తమ్మునికని గుడ్డు దాచుకపోతది అని మురిసిపోతూ చెప్పింది. ఏ ఇంట్లోనైనా ఆ మాటకు పిల్లను దగ్గరికి తీసుకుంటారు. ఆ ఇంట్లో మాత్రం దాన్ని వేరేగా విన్నారు. ఇంట్లో తిండి పెట్టట్లేదని ఊరంతా అనుకునేలా చేసిందట ఆ నాలుగేళ్లది.

మర్నాటి నుంచి పాప రాలేదు. కొన్నాళ్లకు వచ్చింది. మంచి ఎండాకాలంలో పొడుగు చేతుల స్వెట్టర్ వేసి పంపారు. గుడ్డు ఇస్తే టీచర్ ముఖంలోకి చూస్తూ గబగబా మొత్తం మింగింది. మింగి, నోరు తెరిచి చూపించింది, ఏమీ దాచలేదని. అది చూశాక టీచర్ నాకు ఫోన్ చేసింది. ఏడుపులో ఆమె మాటలు నాకు సగం అర్థం కాలేదు. బాన్సువాడ నుంచి ఆటో మాట్లాడుకుని వెళ్లాను.

తలుపు దగ్గరికి వేసి, టీచరూ నేనూ ఆ స్వెట్టర్ తీసి చూశాం. ఏం చూశామో రాయను. పాతవీ ఉన్నాయి, కొత్తవీ ఉన్నాయి, కర్ర ఒక్కదానితో అయినవి కావని మాత్రం చెప్తాను. ఎవరు కొట్టారని అడిగాను. పాప నా చీర కొంగు అంచు వేళ్లతో తిప్పింది. తర్వాత నెమ్మదిగా చెప్పింది.

“కొట్టలే. భయం జెప్పిండ్రు.”

ఆ రోజే మా పై అధికారి దగ్గరికి వెళ్లాను. పిల్లలిద్దరినీ ఆ ఇంట్లోంచి తీసి బాలల సంక్షేమ సమితి ముందు పెట్టాలని చెప్పాను. ఆమెకు అప్పుడు ప్రమోషన్ ఫైలు నడుస్తోంది, పైగా ఎవరో పెద్దవాళ్ల తనిఖీ ఉంది. పోలీసులు, సమితి అంటే పేపరోళ్లు వస్తారు, పిల్ల బానే నడుస్తోంది కదా, ఊరి పెద్దలతో కూర్చోబెట్టి లోకల్‌గా సెటిల్ చేయండి అంది. రూల్ ప్రకారం అలా కుదరదంటే, రూల్స్ నాకు నేర్పుతారా అని కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. ఆమె కళ్లజోడు తీసిందంటే ఇక వెళ్లమని అర్థం. అక్కడినుంచి స్టేషన్‌కు వెళ్లాను. పెద్దమనుషులు కూర్చుంటున్నారు కదా మేడం, వాళ్లేమంటారో చూద్దాం అన్నారు. చూడటానికి అందరికీ ఓపిక ఉంది. ఆ పాపకే లేదు, పాపం.

సంఘం భవనం వరండాలో కుర్చీలు వేశారు. నేను, టీచర్ వెళ్లాం. నన్ను నమ్మక కాబోలు మా అధికారి కూడా జీపులో దిగింది. తప్పు చేసినవాడు నిలబడి జవాబు చెప్పాలన్నది అక్కడి పద్ధతి. కానీ ఈయన తోటి పెద్దమనిషి కదా, నిలబెడితే బాగుండదని రోజూ కూర్చునే కుర్చీలోనే కూర్చోబెట్టారు. చాయ్ వచ్చింది. ముందు ఆయనకే ఇచ్చారు. పాపను మెట్టు దగ్గర నిలబెట్టారు. నాయనమ్మ మనవణ్ని ఒళ్లో పెట్టుకుని స్తంభం పక్కన కూర్చుంది.

చాలాసేపు మాట్లాడారు. పిల్లల గురించి కాదు, ఆ ఇంటి మంచితనం గురించి. పరాయి పిల్లలను ఈ కాలంలో ఎవరు సాకుతారు, ఆయన గొప్పతనం కాబట్టి సాకుతున్నాడు అన్నారు. సొంత తమ్ముడి పిల్లలు పరాయి పిల్లలు ఎప్పుడయ్యారని నేను అడిగితే ఎవరూ వినిపించుకోలేదు. పిల్లలను ఆశ్రమంలో వేస్తే ఊరి ఇజ్జత్ పోతుందన్నారు. చివరికి అందరికంటే పెద్దాయన, మెడలో కండువా సర్దుకుని, బిడ్డ నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టు వెయ్యమని తీర్పు చెప్పాడు. ఇక మీదట చెయ్యి చేసుకోనని ఆయన ఒట్టు వేస్తే అందరూ నమ్మాలి, ఆ తర్వాత ఎవరూ మాట ఎత్తకూడదు.

ఈ ఒట్టు సంగతి మీకూ తెలిసిందే, మీ ఊళ్లలోనూ ఉంటుంది. ఒట్టు తప్పితే కీడు జరుగుతుందంటారు. ఎవరికి? వేసినవాడికి కాదు, ఎవరి నెత్తి మీద చెయ్యి పెట్టాడో వాళ్లకి. అంటే కొట్టేవాడు కొట్టనని ఒట్టేస్తాడు, తప్పుతాడు, పోయేది దెబ్బలు తిన్న పిల్లే. ఇంత చక్కని ఏర్పాటు ఏ చట్టం పుస్తకంలోనూ నాకు కనపడలేదు. కానీ ఆ వరండాలో కూర్చున్న చదువుకున్నవాళ్లకూ, జీపులో వచ్చిన మా అధికారికీ అందులో తప్పేమీ తోచలేదు.

పెద్దనాయన చాయ్ గ్లాసు కింద పెట్టి లేచాడు. పాప దగ్గరికి వెళ్లి చెయ్యి ఎత్తాడు. పాప చటుక్కున కింద కూలబడి, రెండు చేతులూ తల మీద కప్పుకుని, మోకాళ్లలోకి ముడుచుకుపోయింది. గౌను తడిసింది. మెట్టు మీదుగా నీళ్లు కారాయి. నలుగురూ నవ్వారు. సిగ్గుపడుతోంది అన్నాడు ఒకాయన. పెద్దనాయన వంగి, ముడుచుకున్న ఆ చిన్న చేతుల మీదే తన చెయ్యి పెట్టి ఒట్టు వేశాడు.

నేను లేచి నిలబడ్డాను.

“చెయ్యి లేపితెనే బిడ్డ గట్ల కూలవడ్డది. ఇంకేం సూడాలె మీరు?”

“ఒట్టు వెట్టినంక ఇగ మాట లేదు మేడం,” అన్నాడు కండువా పెద్దాయన. “మా ఊరి సంగతి మేం సూసుకుంటం.”

మా అధికారి నా మోచెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. వెళ్లేటప్పుడు సమస్య సామరస్యంగా పరిష్కారమైందని అందరితో కలిసి ఫొటో దిగింది. ఫొటోలో పాప లేదు, తడి గౌనుతో బాగుండదని పక్కకు జరిపారు. పెద్దమ్మ పాప చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకెళ్లింది. మలుపు తిరిగేదాకా మర్యాదగానే పట్టుకుంది.

తర్వాత పాప కేంద్రానికి రాలేదు. టీచర్ ఇంటికి వెళితే జ్వరమన్నారు, మరోసారి చుట్టాల ఊరికి పోయిందన్నారు. నేను వెళితే తలుపు తీయలేదు. ఒట్టు పెట్టిన ఇంటి మీద మళ్లీ మళ్లీ పడతావేందని ఇరుగుపొరుగు నన్నే గదమాయించారు. స్టేషన్‌కు మళ్లీ పోయాను, ఆఫీసుకు మళ్లీ రాసి ఇచ్చాను. నాకు పని లేక కక్ష కట్టానని ఒక పుకారు కూడా పుట్టింది.

ఒకరోజు పొద్దున్నే టీచర్ ఫోన్ వచ్చింది. ఈసారి ఏడవలేదు. పాప చనిపోయింది మేడం, ఎండ ఎక్కకముందే మట్టి చేస్తారట అని చెప్పి పెట్టేసింది. స్నానం చేసే బండ మీద జారి పడిందని ఇంట్లోవాళ్ల మాట. ఎవరూ చూడలేదట. ఇంటి నిండా మనుషులున్న పూట పిల్ల ఒక్కతే జారి పడిందట.

దారిలోనే పోలీసులకు ఫోన్ చేశాను. ఆ ఇంటికి చేరేసరికి వాకిట్లో పాడె కూడా కాదు, ఒక తెల్లగుడ్డ సిద్ధంగా ఉంది. చిన్నపిల్లలకు పెద్ద తంతు ఉండదు కదా, చేతుల మీద తీసుకుపోతారు. నాన్న వచ్చేదాకా ఆగరా అని అడిగితే, అతను ఎప్పుడొస్తాడో ఏమో అన్నారు. తను ఫోన్ చేసిందనీ, అతను అప్పటికే బయల్దేరాడనీ టీచర్ నా చెవిలో చెప్పింది. నేను గడపకు అడ్డంగా కూర్చున్నాను. ఆ వయసులో, ఆ ఒంటితో, మళ్లీ లేవగలనా అన్నది కూడా ఆలోచించలేదు. పిల్లను బయటికి తేవాలంటే నా మీదినుంచి దాటండి అన్నాను. పెద్దమ్మ శాపనార్థాలు పెట్టింది. మా అధికారి ఫోన్ చేస్తూనే ఉంది. సంచిలో వేసి మోగనిచ్చాను.

ఎస్సై వచ్చాడు, కుర్రవాడు. లోపలికి వెళ్లి చూసి, బయటికి వచ్చి టోపీ తీసి గోడ వైపు తిరిగాడు. పాపను పోస్టుమార్టానికి పంపించాడు. అంతవరకు బాగానే ఉంది. కానీ జారి పడిందన్న మాట మీదే ఇంట్లోవాళ్లంతా నిలబడ్డారు. చూసినవాళ్లు లేరు. డాక్టర్ల కాగితం వచ్చేదాకా ఎవరినీ ఏమీ అనలేనని అతను నాతో గొంతు తగ్గించి చెప్పాడు. నా భయం అంతా పిల్లవాడి మీద. వాణ్ని ఆ పూట ఆ ఇంట్లోనే వదిలేస్తే మళ్లీ ఇంకో ఒట్టు, ఇంకో బండ.

మధ్యాహ్నానికి తండ్రి వచ్చాడు. ఒళ్లంతా వరి దుమ్ము, కళ్లు ఎర్రగా. పాపను చూపించమన్నాడు. దవాఖానకు తీసుకెళ్లారంటే అక్కడికి పోనివ్వకుండా పెద్దమనుషులు అతన్ని అదే వరండాలో కూర్చోబెట్టారు. బాధలో ఉన్న మనిషిని ఓదార్చడానికి కాదు, కేసు వద్దనిపించడానికి. పోయిన పిల్ల తిరిగి రాదు, ఇంటి పరువు బజార్ల పడ్తది, అన్న జైలుకు పోతే ముసలిదాన్ని ఎవరు చూస్తారు, ఇవీ వాళ్ల ఓదార్పు మాటలు. అన్న కూడా అక్కడే ఉన్నాడు, తమ్ముడి భుజం మీద చెయ్యి వేసి. ఆ రోజు కూడా ఆయనకు కుర్చీ వేశారు.

నేను పిల్లవాణ్ని సమితి ముందుకు తీసుకెళ్తానన్నాను. గొడవ మొదలైంది. ఎస్సై తండ్రి వైపు చూశాడు. తండ్రి ఒప్పుకుంటే తీసుకెళ్లండి మేడం, లేకపోతే ఇప్పుడు ఊరితో పెట్టుకోవడం కష్టం అన్నాడు. అందరూ తండ్రి మీద పడ్డారు. కన్నకొడుకును అనాథలల్ల కలుపుతవా అన్నారు. అతను తల వంచుకున్నాడు. అప్పుడు కండువా పెద్దాయన మళ్లీ తన తీర్పు బయటికి తీశాడు. ముసలమ్మ మనవడి నెత్తి మీద చెయ్యి పెట్టి కంటికి రెప్పలాగా చూసుకుంటానని ఒట్టు వేస్తుంది, పిల్లవాడు ఆమె దగ్గరే ఉంటాడు, అంతటితో అయిపోయింది.

పొద్దున్నే ఒక ఒట్టు శవమై పోయింది. మధ్యాహ్నం మళ్లీ అదే ఒట్టు. సిగ్గన్నది ఒకటి ఉంటుందని కూడా ఆ మనుషులకు ఎవరూ చెప్పినట్టు లేదు. ఊళ్లో భయం చెప్పేవాళ్లే ఉన్నారు కానీ సిగ్గు చెప్పేవాళ్లు లేరు.

పిల్లవాడు అప్పటికే నా చంకలో ఉన్నాడు. నాయనమ్మ లేచి వచ్చింది. చెయ్యి చాపింది. ఆమె మీద నాకు జాలి కలిగి ఉండాలి, ఏడ్చి ఏడ్చి ముఖం వాచిపోయింది. జాలి రాలేదు. నేను పిల్లవాణ్ని పక్కకు తిప్పుకుని, ఆమె కళ్లలోకి చూసి అడిగాను.

“అవ్వా, పొద్దుగాల బిడ్డను కొడుతుంటె గీ చెయ్యి యాడ వెట్టుకున్నవు?”

ఆమె చెయ్యి గాలిలోనే ఆగింది. నన్ను తిట్టాలనో, తనను తాను కాపాడుకోవాలనో, నోటికి వచ్చింది అనేసింది.

“నేను పొయ్యికాడ ఉన్న బిడ్డా. ఆళ్లు కొడుతుంటె నడుమల వోతె నన్ను గూడ కొడుతరని పోలే.”

జారి పడిందన్న కథ ఆ ఒక్క మాటతో అయిపోయింది. చెప్పింది ఏమిటో ఆమెకు కాసేపటికి గానీ తెలియలేదు. తెలిశాక కొంగు నోట్లో కుక్కుకుని అక్కడే కూర్చుండిపోయింది. పెద్దనాయన మొదటిసారి కుర్చీలోంచి తనంతట తాను లేచాడు. ఎస్సై అతని వెనక్కి వచ్చి నిలబడ్డాడు. తండ్రి తన భుజం మీద ఉన్న అన్న చేతిని పురుగును తీసేసినట్టు తీసేశాడు.

ఆ పిల్లల తండ్రి నా దగ్గరికి వచ్చాడు. కొడుకును ముట్టుకోలేదు, చేతులు దుమ్ముగా ఉన్నాయని కాబోలు. రోజూ ఫోన్ చేస్తే పిల్లలు బాగున్నారనే చెప్పేవాళ్లు మేడం అన్నాడు. వాణ్ని తీసుకుపొమ్మన్నాడు. పొమ్మని, పుట్టి పెరిగిన ఊరి అలవాటు ఎక్కడికి పోతుంది, నన్నే అడిగాడు.

“వీడు మంచిగుంటడని వీని నెత్తి మీద చెయ్యి వెట్టి ఒట్టు వెయ్యి మేడం. నాకు ఇగ ఎవలున్నరు.”

అతన్ని తిట్టలేకపోయాను. కానీ ఒట్టు మాత్రం వేయలేదు.

“నేను ఒట్టు వెట్ట తమ్మీ. నెలనెలా పోయి అంగి లేపి సూస్త. ఏమన్న కనవడితె నీ ఊరి పెద్దమనుషులకాడికి రాను, సీదా పోలీసులకాడికే పోత.”

అతను తల ఊపాడు. సాయంత్రానికి పెద్దనాయననూ పెద్దమ్మనూ జీపు ఎక్కించారు. మా అధికారి జీపు కూడా వచ్చింది, అంతా అయిపోయాక. దిగగానే, నేను ముందే హెచ్చరించాను కదా అంది. ఎవరిని హెచ్చరించిందో ఇప్పటికీ తెలియదు.

తర్వాత జరిగినవి మీకు నవ్వు తెప్పిస్తాయి. ఊరి దారిలో పాప ఫొటోతో ఫ్లెక్సీ కట్టారు. కేంద్రంలో తీసిన గ్రూపు ఫొటోలోంచి కత్తిరించారు, పాప ముఖం మసకగా, దాని చుట్టూ నివాళులర్పించిన నాయకుల ముఖాలు మాత్రం నున్నగా పెద్దగా. కండువా పెద్దాయన ముఖం కూడా ఉంది. మా అధికారి బాలల హక్కుల మీద ర్యాలీ పెట్టించింది. మూడేళ్ల పిల్లలను ఎండలో నడిపించి, వాళ్లకు చదవడం రాని అట్టలు చేతికిచ్చి నినాదాలు చెప్పించారు. ఆమెకు ప్రమోషన్ వచ్చింది. కేసు ఇంకా నడుస్తోంది. పెద్దనాయన బెయిలు మీద వచ్చాడు. శనివారం భజనలో తాళాలు మళ్లీ ఆయన చేతికే ఇచ్చారని టీచర్ చెప్పింది. ఆమె ఇప్పటికీ అక్కడే పనిచేస్తోంది. ఎవరి ఇంటి పిల్ల గురించి ఏ మంచి మాట చెప్పాలన్నా ముందు ఒకసారి ఆగి ఆలోచిస్తానంటుంది.

పిల్లవాడు కొంతకాలం శిశుగృహలో ఉన్నాడు. తర్వాత సమితి వాణ్ని వాళ్ల చిన్నమ్మకు, అంటే తల్లి చెల్లెలికి అప్పగించింది. ఆమెది జుక్కల్ వైపు ఊరు, సరిహద్దు దగ్గర. వాడికి ఇప్పుడు తెలుగుతో పాటు మరాఠీ ముక్కలు కూడా వచ్చు. నేను నెలనెలా వెళ్లాను. వెళ్లి, మంచినీళ్లు తాగి, వాడి అంగీ లేపి వీపు చూసేదాన్ని. మొదట్లో చిన్నమ్మ చిన్నబుచ్చుకుంది. నన్ను దొంగలాగ చూస్తవా అక్కా అని ఒకసారి ఏడ్చింది కూడా. నేను చూడటం మానలేదు. నువ్వు మంచిదానివే, ఆ పెద్దనాయన కూడా అందరికీ మంచోడే అన్నాను. ఆ తర్వాత నేను వెళ్లగానే ఆమే వాణ్ని పిలిచేది. బాగా చూసుకుంటుంది, నిజంగానే. వాడు పక్క తడిపితే దుప్పటి ఉతికి ఎండలో వేస్తుంది, అంతే, ఇంకేం చేయదు. అంతకు మించి చేయాల్సింది ఏమీ లేదని మన పెద్దమనుషులకు ఎవరైనా చెప్తే బాగుండు.

రిటైరయ్యాక కూడా వెళ్తున్నాను. ఇప్పుడు నన్ను పంపేవాళ్లూ లేరు, ఆపేవాళ్లూ లేరు. బస్సు ఎక్కి వెళ్లిపోతాను. వాడు బడికి పోతున్నాడు. నేను కనపడగానే ఆట ఆపి పరుగెత్తుకొచ్చి, అడగకముందే వెనక్కి తిరిగి అంగీ మెడ దాకా ఎత్తి నిలబడతాడు. మేడం అంటే వీపు చూసే మనిషి అని వాడి లెక్క. నేను చూసి, సరే అనగానే మళ్లీ ఆటకు పోతాడు. అది చూసి వాళ్ల వీధి పిల్లలు నవ్వుతారు.

ఈ మధ్య వెళ్లినప్పుడు కూడా అలాగే తిరిగి నిలబడ్డాడు. వీపు శుభ్రంగా ఉంది, కిందపడి గీసుకున్న చిన్న గీత తప్ప. అదెలా అయిందో అడిగాను, సైకిల్ మీదినుంచి పడ్డానన్నాడు, చిన్నమ్మను అడిగితే ఆమే నవ్వుతూ సైకిల్ చూపించింది. సరే అన్నాను. కానీ వాడు ఆటకు పోలేదు. అంగీ దించుకుని నా వైపు తిరిగాడు. తనకొక అక్క ఉండేదని చిన్నమ్మ ఈ మధ్యే చెప్పిందట.

“మేడం, మా అక్కది గూడ సూసినవా?”

“సూసిన బిడ్డా.”

“సూసినంక మరి?”

ఆఫీసు ఇచ్చిన జవాబు నా దగ్గర ఉంది. స్టేషన్‌లో చెప్పిన జవాబు ఉంది, పెద్దమనుషులు చెప్పిన జవాబు కూడా ఉంది. వాటిలో ఏ ఒక్కటీ ఆ పిల్లవాడి ముఖం చూస్తూ చెప్పగలిగేది కాదు. చెప్తానేమోనని వాడు అక్కడే నిలబడ్డాడు.